ఆటిజం పరీక్ష: తల్లి మాటను తల్లి భాషలోనే వినాలి

జ్వరం వస్తే థర్మామీటరు చెబుతుంది. చక్కెర వ్యాధి వస్తే రక్తపరీక్ష చెబుతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చూపిస్తుంది. ఆటిజం విషయంలో మాత్రం ఇలా సాక్ష్యం చెప్పే యంత్రం ఏదీ లేదు. రక్తం తీసో, మెదడును స్కాన్ చేసో ‘ఈ బిడ్డకు ఆటిజం ఉంది’ అని తేల్చగల పరీక్ష నేటివరకు వైద్యశాస్త్రం చేతికి రాలేదు. నిపుణులు రెండు ఆధారాలతోనే నిర్ణయానికి వస్తారు. మొదటిది, బిడ్డను ఎదుట ఉంచుకుని గమనించడం. రెండవది, పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డ ఎలా పెరిగాడో కన్నవారిని, ముఖ్యంగా తల్లిని, అడిగి తెలుసుకోవడం. అంటే ఈ పరీక్షలో దాదాపు సగభాగం తల్లి నోటి మాట మీదే ఆధారపడి ఉంది.

మరి ఆ తల్లికి ఉర్దూ తప్ప మరో భాష సరిగా రాకపోతే, అడిగేవారికి ఉర్దూ రాకపోతే, ఆ పరీక్ష ఎంతవరకు సత్యం చెబుతుంది? మైనారిటీల హక్కులంటే ఉద్యోగాలు, ఉపకార వేతనాలు, వక్ఫ్ ఆస్తులు మాత్రమే కాదు. మూడేళ్ళ బిడ్డను ఒడిలో పెట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న తల్లి మాట ఆమె భాషలోనే నమోదు కావడం కూడా హక్కే. ఈ విషయం మన సభలలో గాని, మన వినతిపత్రాలలో గాని ఇంతవరకు తగినంతగా చోటుచేసుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆటిజం అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంపకంలోని లోపం కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే ఒక వ్యత్యాసం. తోటివారితో కలవడంలో, మాటతో గాని సైగతో గాని మనసులోనిది తెలపడంలో ఈ పిల్లలకు ఇబ్బంది ఉంటుంది. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, కొన్ని శబ్దాలనూ స్పర్శలనూ భరించలేకపోవడం, రోజూ జరిగే తీరు కొంచెం మారినా తల్లడిల్లిపోవడం వీరిలో కనిపిస్తాయి. అమెరికాలో వైద్యుడు లియో కానర్ 1943లో దీనిని ప్రత్యేకంగా గుర్తించి వర్ణించాడు. ప్రపంచవ్యాప్తంగా చూస్తే సుమారు నూరు మందిలో ఒకరికి ఆటిజం ఉంటుందని నిపుణుల అంచనా. కనుక పెద్ద మొహల్లా ఏదైనా తీసుకోండి, అక్కడ ఇటువంటి బిడ్డలు కొందరు ఉండే ఉంటారు. మనకు కనబడడం లేదంటే ఇంటి లోపల ఉన్నారని అర్థం.

గుర్తించవలసిన లక్షణాలు కన్నవారికి అందనంత కఠినమైనవేమీ కావు. ఏడాది నిండినా బిడ్డ ఊకొట్టకపోవడం, వేలితో చూపించకపోవడం, టాటా చెప్పడం వంటి సైగలు చేయకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్ళకు సొంతంగా రెండు మాటలు కలిపి పలకలేకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం. వీటిలో ఏది కనిపించినా పరీక్ష చేయించాలి. ఇక ఒకసారి వచ్చిన మాటలు పోతే, అది ఏ వయసులో జరిగినా, ఒక్క వారం కూడా ఆలస్యం చేయరాదు.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మగపిల్లవాడు మాట్లాడకపోతే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఆడపిల్ల మూలన కూర్చుని తన లోకంలో తాను ఉంటే ‘ఎంత నెమ్మది పిల్ల, ఎంత సిగ్గరి’ అని మెచ్చుకుంటారు. ఆడపిల్లలలో ఆటిజం ఆలస్యంగా బయటపడడం ప్రపంచమంతటా ఉన్నదే. దానికి తోడు మన ఇళ్ళలో ‘రేపు నిఖా ఎలా?’ అనే భయం కూడా నోరు నొక్కుతుంది. పేరు పెట్టనంత మాత్రాన సమస్య పోదు. సహాయం అందవలసిన సంవత్సరాలు మాత్రం పోతాయి.

మన కుటుంబాలలో ఈ సంవత్సరాలు ఎలా గడిచిపోతున్నాయో మేము దగ్గర నుంచి చూస్తున్నాము. మేము కొందరు విశ్రాంత ఉద్యోగులం కలిసి మా పట్టణంలో పింఛన్లకు, రేషన్ కార్డులకు, ధ్రువపత్రాలకు దరఖాస్తులు రాసిపెట్టే పని చేస్తున్నాము. మా దగ్గరకు వచ్చే తల్లుల నోట మొదట వినిపించే మాట ఒకటే: ‘వాళ్ళ దాదా కూడా నాలుగేళ్ళకు మాట్లాడాడట, ఆగమన్నారు’. రెండవది: ‘నజర్ తగిలిందన్నారు’. తావీజు కట్టిస్తారు, దమ్ చేయిస్తారు, ఊరూరా దర్గాలకు తిప్పుతారు. విశ్వాసులు దుఆ చేయడాన్ని మేము తప్పు పట్టము. కష్టంలో ఉన్న తల్లి అల్లాహ్‌ను గాక ఎవరిని వేడుకుంటుంది? కాని దుఆతో పాటు చికిత్స కూడా చేయించాలనేదే ధర్మం మనకు నేర్పిన మార్గం. దుఆ వైద్యుని దగ్గరకు వెళ్ళే దారిని మూసివేయదు. మూసివేస్తున్నది మన నిర్లక్ష్యం, దానిని ఆసరా చేసుకుని డబ్బు గుంజే బాబాల వ్యాపారం.

మరొక అన్యాయం తల్లి మీద జరిగే నిందారోపణ. ‘నువ్వు బిడ్డతో మాట్లాడలేదు’, ‘ఫోను చేతికిచ్చావు’, ‘గ్రహణంలో బయటకు వెళ్ళావు’. తల్లి ప్రేమ చాలకపోవడం వల్లనే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పాశ్చాత్య దేశాల వైద్యులు కొందరు వాదించారు. ఆ వాదం నిలబడలేదు. పిల్లలను గంటల తరబడి ఫోనుకు అప్పగించడం మంచిది కాదు, నిజమే. కాని ఆటిజాన్ని పుట్టించేది ఫోను కాదు. టీకాల వల్ల వస్తుందనే పుకారు కూడా మన బస్తీలలో తిరుగుతోంది. 1998లో లండన్‌లోని ఒక వైద్య పత్రికలో పన్నెండు మంది పిల్లల మీద వచ్చిన వ్యాసం ఆ పుకారుకు మూలం. ఆ పత్రికే 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. టీకా మానేస్తే ఆటిజం ఆగదు, తట్టు మాత్రం ఇంటికి వస్తుంది.

ఇక చట్టం ఏమంటోందో చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అనే పదమే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టంలో దానికి చోటు దొరికింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, ఆటిజాన్ని వాటిలో స్పష్టంగా చేర్చింది. ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. వైకల్యం సంభవించే అవకాశమున్న పిల్లలను గుర్తించడానికి ఏడాదికి కనీసం ఒకసారి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష జరపాలని ఆ చట్టంలోని 25వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. నలభై శాతం, అంతకు మించి వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఇంటికి దగ్గరి బడిలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కును 31వ సెక్షన్ ఇస్తోంది.

దీనికి ముందే, 2013లో, కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలలో 30 రకాల సమస్యలను గుర్తించడం దాని ఉద్దేశం. ఆటిజం వాటిలో ఒకటి. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు ఒకసారి వెళ్ళాలి. అనుమానం ఉన్న బిడ్డను డీఈఐసీ అని పిలిచే జిల్లా కేంద్రానికి పంపాలి. అక్కడ వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, మాటల చికిత్స చేసేవారు, వినికిడి పరీక్ష చేసేవారు ఒకే చోట ఉండాలన్నది నియమం. ఈ ఏర్పాటు మంచిది. కాని మన బస్తీలలో పిల్లలు చాలామంది చేరేది వీధిలోని చిన్న ప్రైవేటు బడిలో, లేదా మస్జిద్ పక్కనున్న మక్తబ్‌లో, మద్రసాలో. సంచార బృందం దారిలో ఈ చోట్లు లేవు. అంగన్‌వాడీకి పంపని బిడ్డ, ప్రభుత్వ బడిలో చేరని బిడ్డ ఈ వలలో నుంచి మొదటే జారిపోతున్నాడు. ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలలో విద్యా, వైద్య సదుపాయాలు కొరవడ్డాయని 2006లోనే సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆటిజం విషయంలో ఆ కొరత మరో రూపంలో మనల్ని వెంటాడుతోంది.

పరీక్ష ఎలా జరుగుతుందో తెలియకపోవడం వల్ల కూడా మనవారు నష్టపోతున్నారు. మొదట వినికిడి పరీక్ష చేస్తారు. చెవులు వినబడని బిడ్డ కూడా పిలిస్తే పలకడు కనుక ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. బెరా అనే పరీక్షతో చిన్న బిడ్డ నిద్రలో ఉండగానే వినికిడిని కొలవవచ్చు. తర్వాత పిల్లల మనోవైద్యుడో, పిల్లల ఎదుగుదలను చూసే ప్రత్యేక వైద్యుడో, క్లినికల్ సైకాలజిస్టో బిడ్డను గమనిస్తారు, తల్లిదండ్రులను ప్రశ్నిస్తారు. మన దేశంలో ధ్రువీకరణకు వాడే కొలమానం పేరు ఐఎస్ఏఏ. దానిని రూపొందించింది మన సికింద్రాబాదులోని సంస్థే. 1984లో మనోవికాస్ నగర్‌లో స్థాపితమైన ఆ జాతీయ సంస్థ ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అనే పేరుతో పనిచేస్తోంది. నెల్లూరులోని ప్రాంతీయ కేంద్రం కూడా దాని అధీనంలోనిదే. ఆ కొలమానంలో ఆరు విభాగాలుగా 40 అంశాలుంటాయి. ఒక్కొక్క లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందో చూసి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం.

ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నిపుణుల పరీక్ష వేరు, సదరం ధ్రువపత్రం వేరు. సదరం ధ్రువపత్రం ‘ఎంత శాతం’ అని చెబుతుంది. అది పింఛనుకు, రాయితీలకు పనికివస్తుంది. నిపుణుల పరీక్ష ‘ఈ బిడ్డకు ఏది చేతనవును, ఏది చేతకాదు, రేపటి నుంచి ఇంట్లో, బడిలో ఏమి చేయాలి’ అని చెబుతుంది. శాతం రాసిచ్చిన కాగితంతో బిడ్డకు మాట రాదు. చాలా కుటుంబాలు రెండవదానికి వెళ్ళకుండా మొదటి దాని కోసమే తిరిగి తిరిగి అలసిపోతున్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైన చెప్పిన 40 అంశాలలో చాలావాటికి ఆధారం గది లోపల గడిచే అరగంట కాదు, ఇంట్లో గడిచిన మూడు నాలుగేళ్ళు. ఇతర పిల్లలతో ఆడతాడా? నొప్పి తగిలితే మీ దగ్గరకు వస్తాడా? మీరన్న మాటనే తిరిగి అంటాడా? కావలసిన వస్తువును వేలితో చూపుతాడా, మీ చేయి పట్టి లాక్కుపోతాడా? వీటికి ‘అవును’, ‘కాదు’ అనే జవాబులు చాలవు. ఎప్పుడు, ఎలా, ఎన్నిసార్లు అని వివరించాలి. వచ్చీరాని తెలుగులో ఏ తల్లి వివరించగలదు?

మా పట్టణంలో ఆటో నడుపుకునే ఒక యువకుని కుటుంబం ఎదుర్కొన్నది చెబుతాము. వారి బిడ్డ సీసా మూతలను వరసగా పేర్చుకుంటూ, తిరిగే ఫ్యానును చూస్తూ గంటలు గడిపేవాడు. ఏడాదిన్నర వయసులోనే తల్లికి అనుమానం వచ్చింది. మూడేళ్ళు నిండాక చూపిస్తే ఒక వైద్యుడు ‘ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మూడు భాషలతో తికమకపడుతున్నాడు, అంతే’ అని పంపించివేశాడు. ఏడాది గడిచింది. తర్వాత ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. తండ్రి చీటీల వరసలో నిలబడి ఉండగా లోపల తల్లిని తెలుగులో అడిగారు: ‘బాబు మాట్లాడతాడా?’ ఆమె ‘మాట్లాడతాడు’ అన్నది. కాగితం మీద ‘మాట ఉంది’ అని రాశారు. బిడ్డ ముందు బొమ్మలు పెట్టి ‘బంతి ఏది? నీళ్ళు ఏవి?’ అని అడిగారు. ఇంట్లో గేంద్, పానీ అని విన్న బిడ్డ కదలలేదు. ‘అర్థం చేసుకోలేడు’ అని రాశారు. ఉన్నది లేదని, లేనిది ఉందని నమోదైంది.

రెండవసారి ఉర్దూ పాఠశాలలో పనిచేసే ఒక ఉపాధ్యాయిని వారితో వెళ్ళింది. తల్లి తన భాషలో అరగంట మాట్లాడింది. దాహం వేసినప్పుడు ఆ బిడ్డ ‘పానీ’ అనడు, ‘క్యా హోనా బేటా’ అంటాడని చెప్పింది. అంటే తల్లి రోజూ అడిగే ప్రశ్ననే అతడు తిరిగి పలుకుతున్నాడు. దాహాన్ని చెప్పడానికి అతనికి దొరికిన మాట అదొక్కటే. విన్న మాటను ఇలా తిరిగి పలకడం ఆటిజంలో ముఖ్యమైన లక్షణం. తెలుగు మాత్రమే తెలిసిన పరీక్షకుని చెవికి అది ఏదో ఉర్దూ మాటగా వినిపించి ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో నిపుణుడు తలెత్తి చూశాడు, మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. ఫలితం మధ్యస్థ స్థాయి అని తేలింది. చికిత్స మొదలైంది. కాని ఏడాదిన్నర వయసులో తల్లికి కలిగిన అనుమానానికి సమాధానం నాలుగున్నరేళ్ళకు దొరికింది. ఆ మూడేళ్ళను ఎవరు తిరిగి ఇస్తారు?

రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం రాదు, ఎక్కువ కాదు. ఈ విషయంలో పరిశోధనలు స్పష్టంగా ఉన్నాయి. ‘భాషల తికమక’ అనే మాట పరీక్షను వాయిదా వేయడానికి కారణం కాకూడదు. అదే విధంగా ‘ఇంట్లో ఉర్దూ మానేయండి, ఇంగ్లీషులోనే మాట్లాడండి’ అని కొన్ని చికిత్సా కేంద్రాలలో ఇచ్చే సలహా కూడా ఆలోచించి ఇచ్చింది కాదు. ఇంగ్లీషు రాని తల్లికి ఆ సలహా ఇవ్వడమంటే, బిడ్డతో మాట్లాడవద్దని చెప్పడమే. లాలిపాట ఏ భాషలో పాడిందో, అన్నం ఏ భాషలో తినిపించిందో, ఆ భాషలోనే తల్లి బిడ్డకు మొదటి మాట నేర్పగలదు. చికిత్స చేసేవారు ఆమె భాషలోని నాలుగు మాటలు నేర్చుకోవడం తేలిక. ఆమె తన భాషను వదులుకోవడం కష్టం, అనవసరం కూడా.

‘నిపుణులే కరువైన చోట ఉర్దూ తెలిసిన నిపుణులను ఎక్కడి నుంచి తెస్తాము?’ అని అధికారులు అడుగుతారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. తెలుగు తల్లులకు కూడా జిల్లా కేంద్రాలలో నెలల నిరీక్షణ తప్పడం లేదు. కాని మేము అడుగుతున్నది ప్రతి జిల్లాకు ఉర్దూ మాట్లాడే మనోవైద్యుణ్ణి కాదు. పరీక్ష జరిగే రోజున తల్లి పక్కన రెండు భాషలు తెలిసిన ఒక మనిషిని. ఉర్దూ పాఠశాలల ఉపాధ్యాయులు ఉన్నారు. బస్తీలలో తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలలో ఉర్దూ తెలిసినవారు ఉన్నారు. వారికి ఒక రోజు శిక్షణ ఇచ్చి, వారంలో ఒక రోజును నిర్ణయిస్తే సరిపోతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించాయి. ఆ గుర్తింపు కార్యాలయాల పేరు పలకల మీద అక్షరాలకే పరిమితమైతే ప్రయోజనం ఏమిటి?

పైగా ఇది ముస్లింల కోరిక మాత్రమే కాదు. మనలోనే దూదేకుల సోదరులు, కోస్తా జిల్లాలలోని అనేక కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాయి, వారికి ఈ ఇబ్బంది లేదు. మరోవైపు తండాలోని లంబాడీ తల్లికి, ఏజెన్సీలోని కోయ తల్లికి, ఆదిలాబాదు గోండు తల్లికి ఈ ఇబ్బంది మనకంటే ఎక్కువ. ఉర్దూ కోసం తెరిచిన తలుపు వారికి కూడా తెరుచుకుంటుంది. మనం అడగవలసింది అందరి కోసం.

ఇక తల్లిదండ్రులతో కొన్ని మాటలు. ముప్పై ఏళ్ళకు పైగా కాగితాల మధ్య బతికినవారం కనుక కాగితం విలువ చెప్పడం మా విధి. ఈ రోజే ఒక నోటుపుస్తకం కొనండి. బిడ్డ ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు, మొదటి మాట ఏమిటి, వచ్చిన మాట ఎప్పుడు పోయింది, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు, అన్నీ తారీఖులతో రాయండి. ఉర్దూలోనే రాయండి. రాయడం రాకపోతే మేనకోడలితోనో, పక్కింటి అమ్మాయితోనో రాయించండి. ఇంట్లో బిడ్డ మామూలుగా ఉన్నప్పుడు ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియోలు తీసి ఉంచండి. కొత్త గదిలో కొత్త మనుషుల ముందు బిడ్డ బిగుసుకుపోతాడు, ఇంట్లో తీసిన వీడియో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. పుట్టిన ఆసుపత్రి కాగితాలు, టీకాల కార్డు, వినికిడి పరీక్ష నివేదిక ఒకే సంచిలో పెట్టండి.

పరీక్షకు తల్లి తప్పక వెళ్ళాలి, తల్లే మాట్లాడాలి. మన ఇళ్ళలో తండ్రి ముందుకు వచ్చి జవాబులు చెబుతాడు, తల్లి వెనక నిలబడుతుంది. ఉదయం నుంచి రాత్రి దాకా బిడ్డతో ఉండేది తల్లి, ఆమెకు తెలిసినది తండ్రికి తెలియదు. తండ్రి అనువాదకుడుగా ఉండవచ్చు, సాక్షిగా మాత్రం తల్లిని ఉండనివ్వాలి. ‘నాకు తెలుగు సరిగా రాదు, ఉర్దూలో చెబుతాను, ఎవరినైనా పిలవండి’ అని అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అర్థం కాని ప్రశ్నకు ‘ఆ, ఆ’ అని తల ఊపడమే ప్రమాదం.

ఆసుపత్రిలో నోటిమాటగా ‘మళ్ళీ రండి’ అంటే తిరిగి రాకండి. ఒక దరఖాస్తు రాసి ఇచ్చి, రెండవ ప్రతి మీద తారీఖు, ముద్ర వేయించుకోండి. పరీక్ష పూర్తయ్యాక లిఖితపూర్వకమైన నివేదిక అడిగి తీసుకోండి. దాని ఆధారంగానే మండలంలోని భవిత కేంద్రంలో చేర్పించమని కోరవచ్చు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకు కూడా ఆటిజం పిల్లలు అర్హులు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి, చికిత్సలకు అది ఉపయోగపడుతుంది. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని, మూలకణాలు ఎక్కిస్తామని లక్షలు అడిగేవారికి దూరంగా ఉండండి. ఆ మాటలకు శాస్త్రీయమైన ఆధారం లేదు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు పోయాక, రోజూ ఓపికగా చేయించవలసిన మాటల శిక్షణకు కుటుంబం దగ్గర బస్సు చార్జీలు కూడా మిగలవు.

సమాజం బాధ్యత వేరే ఉంది. మస్జిద్ కమిటీలు నికాహ్ రిజిస్టరు ఉంచుతాయి, జకాత్ లెక్క ఉంచుతాయి. మొహల్లాలో మాట రాని, నడక రాని, బడికి వెళ్ళని పిల్లలు ఎందరున్నారో కూడా ఒక జాబితా ఉంచాలి. ఇమాములు జుమా ప్రసంగంలో ఏడాదికి ఒక్కసారైనా ఈ పిల్లల గురించి మాట్లాడితే, తలుపు చాటున ఉన్న తల్లికి ధైర్యం వస్తుంది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన చదువుకున్న అమ్మాయిలు నెలకు ఒక రోజు ఆసుపత్రికి తోడు వెళితే, అంతకంటే పెద్ద సేవ లేదు. కూలి పోగొట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్ళే తండ్రికి ఆ రోజు ఖర్చు భరించే ఏర్పాటు చేస్తే, అది సద్వినియోగమైన ధనం.

2011 జనాభా లెక్కలలో వైకల్యాలను ఎనిమిది రకాలుగా విభజించి అడిగారు. ఆటిజానికి వాటిలో విడిగా చోటు లేదు. లెక్కలో లేనివారికి బడ్జెట్‌లో కూడా చోటుండదు. 2027 జనగణనలో ఎన్యూమరేటరు మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు బిడ్డను దాచకండి, ఉన్న సంగతి చెప్పండి.

ప్రభుత్వాల ముందు మా కోరికలు నాలుగు. మొదటిది, జిల్లా కేంద్రాలలో ఖాళీగా ఉన్న నిపుణుల పోస్టులను, ముఖ్యంగా మాటల చికిత్స, మనస్తత్వ నిపుణుల పోస్టులను భర్తీ చేయాలి. రెండవది, సంచార వైద్య బృందాలు మద్రసాలకు, మక్తబ్‌లకు, చిన్న ప్రైవేటు బడులకు కూడా వెళ్ళాలి. మూడవది, పరీక్ష రోజున తల్లి భాష తెలిసిన సహాయకురాలిని ఉంచాలి, తల్లి ఏ భాషలో జవాబు చెప్పిందో నివేదికలోనే రాయాలి. నాలుగవది, లక్షణాలను వివరించే కరపత్రాలు, నివేదిక సారాంశం ఉర్దూలో కూడా ఇవ్వాలి.

వీటి కోసం ఊరేగింపులు తీయనవసరం లేదు. మీ జిల్లా కేంద్రంలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి, గత ఏడాది ఎందరు పిల్లలను ఆటిజం కోసం పరీక్షించారు, వారిలో మీ బస్తీ పిల్లలు ఎందరు అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అది కూడా లేదు. ముప్పై రోజులలో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. జవాబు చేతికి వచ్చాక కలెక్టరు గారి ప్రజావాణికో, రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకో వెళ్ళండి. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే మీ ఊరిలోని విశ్రాంత ఉద్యోగి ఎవరినైనా అడగండి. రాసిపెట్టడానికి మాలాంటివారు ప్రతి ఊరిలో ఉన్నారు.